ఆంటెన్నాలు ఎక్కువున్న 5జీ పరికరానికి ఏ అప్‌లింక్ ప్రీకోడింగ్ ఎంచుకోవాలి?

డాబా మీద బిగించే 5జీ పెట్టెలో రెండో, నాలుగో, కొత్త రకాల్లోనైతే ఎనిమిదో ప్రసార ఆంటెన్నాలు ఉంటాయి. ఇంట్లోంచి బయటికి వెళ్లే డేటాను వాటి మధ్య ఎలా పంచాలి, ఒక్కోదానికి ఎంత బలం, ఎంత దశ (తరంగం ఏ క్షణంలో శిఖరానికి చేరాలన్న లెక్క) ఇవ్వాలి అని తేల్చే పనినే అప్‌లింక్ ప్రీకోడింగ్ అంటారు. గణితపరంగా చూస్తే అదొక చిన్న మాత్రిక. ఆచరణలో మాత్రం ఆ మాత్రికను పరికరం ఎంచాలా, టవర్ ఎంచాలా, ఏ జాబితాలోంచి ఎంచాలి, ఎంచిన తర్వాత పరికరం దానికి ఎంతసేపు కట్టుబడి ఉండగలదు అన్న ప్రశ్నలకు 5జీ ప్రమాణాలు ఒక్క జవాబుతో సరిపెట్టలేదు. అనేక దారులు చూపించి, ఎంపికను తయారీదారుకూ నెట్‌వర్క్ ఇంజినీరుకూ వదిలేశాయి. ఆ దారులను పక్కపక్కన పెట్టి, ఏ పరిస్థితిలో ఏది మేలో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

పెట్టె మీద రాసిన ఆంటెన్నాల సంఖ్యను చూసి పద్ధతిని నిర్ణయించడం ఈ రంగంలో నేను చూసిన పొరపాట్లన్నిటిలోకీ ఖరీదైనది. ముందు చూడవలసింది ఆ పరికరపు ప్రసార చైన్లు, అంటే ఒక్కో ఆంటెన్నాకు సిగ్నల్‌ను తయారుచేసి పంపే సర్క్యూట్లు, తమ మధ్య దశా సంబంధాన్ని ఎంతసేపు నిలబెట్టుకోగలవన్న విషయం. ఆ తర్వాత చూడవలసింది ఒక్కో పవర్ యాంప్లిఫయర్ ఒంటరిగా ఎంత శక్తి ఇవ్వగలదన్న విషయం. ఈ రెండూ తెలిశాక కోడ్‌బుక్ (ప్రమాణంలో ముందే రాసి ఉంచిన మాత్రికల జాబితా) ఎంపిక సగం దానంతటదే తేలిపోతుంది. ఈ రెండూ తెలియకుండా చేసిన ఎంపిక, ప్రయోగశాలలో ఎంత బాగా నడిచినా, డాబా మీదికెక్కాక తడబడుతుంది.

అప్‌లింక్‌లో ఒక్కో డెసిబెల్‌కు ఎందుకింత విలువో ముందుగా చెప్పాలి. టవర్ మీది మాసివ్ మైమో (పదుల ఆంటెన్నాల) రేడియో వందల వాట్లలో ప్రసారం చేస్తుంది. చేతిలోని సాధారణ ఫోన్ గరిష్ఠ శక్తి 23 డీబీఎం, అంటే 200 మిల్లీవాట్లు. ఒక మెట్టు పైనున్న రెండో పవర్ క్లాస్ పరికరమైతే 26 డీబీఎం, అంటే 400 మిల్లీవాట్లు. పైగా మన దేశంలో 5జీకి ప్రధానంగా వాడుతున్న 3300 మెగాహెర్ట్జ్ బ్యాండులో రెండు దిశలూ ఒకే పౌనఃపున్యాన్ని కాలంలో పంచుకుంటాయి. తరచుగా కనిపించే అమరికలో ఐదు స్లాట్లకు (కాలపు ముక్కలకు) ఒకటే అప్‌లింక్‌కు దక్కుతుంది. ఇంత తక్కువ శక్తి, ఇంత తక్కువ సమయం ఉన్నచోట ఆంటెన్నాల పొందికతో వచ్చే 3 డెసిబెల్స్‌ను, అంటే రెట్టింపు బలాన్ని, వదులుకోవడమంటే వినియోగదారుడి వీడియో కాల్‌ను వదులుకోవడమే.

దశ నిలబడుతుందా?

రథోత్సవంలో పగ్గం పట్టుకున్న వందమందీ ఒక్క ఊపున లాగితేనే రథం కదులుతుంది. ఎవరికి తోచినప్పుడు వారు లాగితే ఆ బలమంతా పగ్గంలోనే ఖర్చయిపోతుంది. ఆంటెన్నాల సంగతీ ఇంతే. రెండు ఆంటెన్నాల తరంగాలు టవర్ దగ్గర శృంగం మీద శృంగం పడేలా కలిస్తే, మొత్తం ప్రసార శక్తి పెంచకుండానే అందే బలం రెట్టింపవుతుంది. శృంగం మీద ద్రోణి పడితే ఏమీ మిగలదు.

2018లో స్థిరపడిన 3జీపీపీ (5జీ ప్రమాణాలు రాసే సంస్థ) 15వ రిలీజ్ ఈ సామర్థ్యాన్ని మూడు తరగతులుగా విభజించి, తాను ఏ తరగతిదో పరికరమే ప్రకటించుకోవాలన్నది. పూర్తి కోహెరెంట్ పరికరం అన్ని ఆంటెన్నాల మధ్యా దశా సంబంధాన్ని కాపాడుతుంది. పాక్షిక కోహెరెంట్ పరికరం, నాలుగు ఆంటెన్నాలుంటే, జంటల లోపల మాత్రమే కాపాడుతుంది. ఒక జంటకూ ఇంకో జంటకూ మధ్య హామీ ఉండదు. నాన్-కోహెరెంట్ పరికరం ఏ హామీ ఇవ్వదు.

హామీ అంటే ఏమిటో కూడా ప్రమాణం అంకెల్లో చెప్పింది. పరికరం చివరిసారి ఎస్‌ఆర్‌ఎస్, అంటే టవర్ చానెల్‌ను కొలవడానికి పంపే సౌండింగ్ సిగ్నల్, పంపిన క్షణం నుంచి 20 మిల్లీసెకన్ల లోపల, ఆంటెన్నాల మధ్య సాపేక్ష దశ దోషం 40 డిగ్రీలు దాటకూడదు. సాపేక్ష శక్తి దోషం 4 డెసిబెల్స్ దాటకూడదు. మొదటిసారి చదివినవారికి 40 డిగ్రీలు మరీ ఉదారంగా అనిపిస్తుంది. రెండు ఆంటెన్నాలకు లెక్క వేసి చూస్తే అది ఎంత ఆలోచించి పెట్టిన అంకో తెలుస్తుంది. రెండు చానెళ్లూ సమాన బలంతో ఉన్నాయనుకుని మొత్తం శక్తిని రెంటికీ సమంగా పంచితే, అదే శక్తితో ఒంటి ఆంటెన్నా పంపినదానికి టవర్ దగ్గర 1 + కాస్ θ రెట్లు అందుతుంది. ఇక్కడ θ అంటే సవరణ తర్వాత కూడా మిగిలిపోయిన దశ దోషం. దోషం సున్నా అయితే రెండు రెట్లు. 40 డిగ్రీలైతే 1.77 రెట్లు, అంటే పోయినది అర డెసిబెల్ పైచిలుకు మాత్రమే.

అయితే కోడ్‌బుక్ దశను 90 డిగ్రీల మెట్లలోనే ఇస్తుంది కనుక, కావలసిన దశకూ దొరికిన దశకూ మధ్య 45 డిగ్రీల వరకు తేడా ముందే ఉండవచ్చు. రెండు దోషాలూ ఒకే వైపు కలిసివస్తే 85 డిగ్రీలు, అప్పుడు 1.09 రెట్లు. లాభం దాదాపు హరించుకుపోయింది, నష్టమైతే రాలేదు. ప్రమాణం గీసిన గీత సరిగ్గా ఆ అంచు దగ్గర ఉంది. గీత దాటి దోషం 120 డిగ్రీలకు చేరితే, ఒంటి ఆంటెన్నాతో పంపినదానిలో సగమే టవర్‌కు అందుతుంది. దశ పూర్తిగా యాదృచ్ఛికమైతే సగటున లాభనష్టాలు సమమే గానీ, ఒక స్లాట్‌లో రెట్టింపై మరుసటి స్లాట్‌లో మాయమయ్యే సిగ్నల్‌కు సరైన మాడ్యులేషన్‌ను టవర్ ఊహించలేదు. సగటు బాగానే కనిపిస్తుంది, వేగం మాత్రం పడిపోతుంది.

ఇక్కడ నెట్‌వర్క్ ఇంజినీర్లు తరచుగా జారిపడే చోటు ఒకటుంది. ఎస్‌ఆర్‌ఎస్‌ను ఎన్ని స్లాట్లకోసారి పంపాలన్నది వారే నిర్ణయిస్తారు. 30 కిలోహెర్ట్జ్ అమరికలో స్లాట్ అర మిల్లీసెకను. ఎక్కువ మంది వినియోగదారులను ఇరికించాలన్న తాపత్రయంతో కాలవ్యవధిని 160 స్లాట్లుగా పెడితే అది 80 మిల్లీసెకన్లు; అందులో హామీ ఉన్నది మొదటి 20 మిల్లీసెకన్లకే. మిగిలిన 60 మిల్లీసెకన్లూ పరికరం మంచితనం మీద ఆధారపడి నడుస్తున్నట్టు. పూర్తి కోహెరెంట్ ప్రీకోడింగ్ వాడదలచుకుంటే వ్యవధి 40 స్లాట్లకు మించకూడదు. అంత తరచుగా ఎస్‌ఆర్‌ఎస్‌కు చోటు ఇవ్వలేని రద్దీ సెల్‌లో, పరికరం పూర్తి కోహెరెంట్ అని చెప్పుకున్నా సరే, జంటల వరకే నమ్మి పాక్షిక కోడ్‌బుక్‌ను ఎంచడం మేలు. ఇరవై మిల్లీసెకన్ల తర్వాత ఒకే చిప్‌లోని జంట కంటే వేర్వేరు చిప్‌ల జంటలు త్వరగా విడిపోతాయి.

హామీకి షరతులు కూడా ఉన్నాయి. మధ్యలో కొలత విరామం రాకూడదు, పరికరం నిద్రావస్థలోకి జారకూడదు, బ్యాండ్‌విడ్త్ భాగం మారకూడదు, ఆంటెన్నా స్విచింగ్ కోసం వేరే ఎస్‌ఆర్‌ఎస్ పంపకూడదు. చివరి షరతు చేసిన చేటు నేను కళ్లారా చూశాను. రెండు ప్రసార చైన్లు, నాలుగు స్వీకార చైన్లు ఉన్న పెట్టె ఒకటి ప్రయోగశాలలో కేబుల్‌తో పరీక్షించినప్పుడు అప్‌లోడ్ ఒక్కటే నడిపితే ఆశించిన లాభం చక్కగా వచ్చింది. డౌన్‌లోడ్ కూడా మొదలుపెట్టగానే అప్‌లింక్ నాణ్యత ఉయ్యాలలా ఊగింది. వేడి వల్ల యాంప్లిఫయర్ దశ జారుతోందనుకుని రెండు రోజులు ఫ్యాన్లు పెట్టి చూశాం. చివరికి రెండు చైన్ల అవుట్‌పుట్‌నూ రెండు చానెళ్ల ఎనలైజర్‌కు కలిపి దశాభేదాన్ని స్లాట్ల వారీగా గీయిస్తే విషయం బయటపడింది: గీత చదునుగా సాగుతూ సాగుతూ, ఒక్కసారిగా మెట్టు ఎక్కినట్టు యాభై అరవై డిగ్రీలు ఎగిరి, మళ్లీ చదునుగా సాగుతోంది. ఆ మెట్టు ప్రతిసారీ ఆంటెన్నా స్విచింగ్ ఎస్‌ఆర్‌ఎస్ తర్వాతే వస్తోంది. డౌన్‌లింక్ కోసం నాలుగు ఆంటెన్నాలనూ టవర్‌కు చూపించడానికి పెట్టె స్విచ్ తిప్పుతోంది. తిప్పి వెనక్కి వచ్చేసరికి పాత దశ ఉండటం లేదు. పరిష్కారం పెద్దదేమీ కాలేదు. స్విచింగ్ ఎస్‌ఆర్‌ఎస్‌ను ముందుకు జరిపి, దాని వెంటనే కోడ్‌బుక్ ఎస్‌ఆర్‌ఎస్ వచ్చేలా అమర్చగానే, టవర్ కొలిచేది కొత్త దశనే కాబట్టి ఊగిసలాట ఆగిపోయింది. నాలుగు చైన్లు పంపుతూ నాలుగు చైన్లు స్వీకరించే పెట్టెకు ఈ స్విచింగ్ అవసరమే ఉండదు. డబ్బు పెట్టగలిగితే అలాంటి పెట్టెను ఎంచుకోవడానికి ఇదొక్కటే చాలినంత కారణం.

జాబితాలోంచి టవర్ ఎంచాలా, పరికరమే తయారుచేసుకోవాలా?

కోడ్‌బుక్ పద్ధతిలో పరికరం తన ఆంటెన్నాలను ఉన్నవున్నట్టు ఎస్‌ఆర్‌ఎస్ ద్వారా చూపిస్తుంది. టవర్ చానెల్‌ను కొలిచి, ముందే అచ్చయి ఉన్న జాబితాలోంచి ఒక మాత్రికను ఎంచి, దాని సంఖ్యను టీపీఎంఐ రూపంలో పంపుతుంది. రెండు ఆంటెన్నాలకు ఒక లేయర్ (ఒకేసారి పంపే ఒక డేటా ధార) అయితే జాబితాలో ఆరే సదిశలు ఉంటాయి: రెండు ఒంటి ఆంటెన్నావి, నాలుగు దశలు కలిపినవి. నాలుగు ఆంటెన్నాలకు ఒక లేయర్‌కు 28 ఉంటాయి. వాటిలో మొదటి నాలుగు నాన్-కోహెరెంట్‌వి, తర్వాతి ఎనిమిది జంటలవి, చివరి పదహారు పూర్తి కోహెరెంట్‌వి. ఒకటి నుంచి నాలుగు లేయర్ల వరకు మొత్తం కూడితే నాన్-కోహెరెంట్ పరికరానికి 12, పాక్షిక పరికరానికి 32, పూర్తి పరికరానికి 62 ఎంపికలు. ఆదేశంలో ఇందుకు వరుసగా నాలుగు, ఐదు, ఆరు బిట్లు చాలు. డౌన్‌లింక్ నియంత్రణ చానెల్‌లో ఒక్కో బిట్ కోసం తగువులాడే మనుషులకు ఈ పొదుపు విలువ తెలుసు.

నాన్-కోడ్‌బుక్ పద్ధతిలో దిశ తిరగబడుతుంది. టవర్ పంపిన సీఎస్‌ఐ-ఆర్‌ఎస్ అనే కొలత సిగ్నల్‌ను పరికరం విని, రెండు దిశల్లోనూ చానెల్ ఒకటేనన్న నమ్మకంతో తన ప్రీకోడర్లను తానే లెక్కగట్టుకుంటుంది. వాటిని ఒక్కోటి ఒక్కో ఎస్‌ఆర్‌ఎస్ మీద రుచి చూపించినట్టు పంపుతుంది. 15వ రిలీజ్‌లో ఇలా నాలుగు వరకు. టవర్ వాటిలో నచ్చినవాటిని ఎస్‌ఆర్‌ఐ అనే సూచిక సంఖ్య ద్వారా ఎంచుతుంది. దశకు 90 డిగ్రీల మెట్లు లేవు, బలాన్ని సమంగానే పంచాలన్న నియమమూ లేదు. ఒక ఆంటెన్నా గోడ వైపు తిరిగి బలహీనంగా ఉంటే దానికి తక్కువ ఇచ్చి, బాగున్నదానికి ఎక్కువ ఇవ్వవచ్చు. చెయ్యి అడ్డుపడే ఫోన్‌కూ, కిటికీ పక్కన పెట్టే ఇండోర్ పెట్టెకూ ఇది నిజమైన సౌలభ్యం. ఇంకో మేలు కూడా ఉంది, దీన్ని చాలామంది గమనించరు: టవర్‌కు కనిపించేది ప్రీకోడ్ అయిన సిగ్నలే గనుక, వెనుక ఎన్ని ఆంటెన్నాలున్నాయో దానికి తెలియనక్కరలేదు. ఐదో ఆరో ఆంటెన్నాలున్న పరికరం కూడా జాబితాలో తన సంఖ్య లేదని చింతించకుండా పనిచేసుకోవచ్చు.

ఇంత మంచి పద్ధతినే అందరూ ఎందుకు వాడరంటే, ఆ నమ్మకం ఊరికే రాదు. గాలిలో చానెల్ రెండు వైపులా ఒకటే అయినా, పరికరం లోపలి ప్రసార చైన్, స్వీకార చైన్ ఒకటి కావు. ప్రతి ఆంటెన్నాలోనూ ఆ రెంటి మధ్య తేడాను కొలిచి సరిదిద్దే క్యాలిబ్రేషన్ ఫ్యాక్టరీలో చేయాలి, ఉష్ణోగ్రత మారినప్పుడల్లా నిలబడాలి. రోహిణి కార్తెలో డాబా మీద ఎండలో మాడే పెట్టె లోపల ఉష్ణోగ్రత ఎంత మారుతుందో ఊహించుకోండి. కోడ్‌బుక్ పద్ధతికి ఈ బాధ లేదు. టవర్ కొలిచేది ప్రసార చైన్‌ను కూడా కలుపుకుని వచ్చిన చానెల్‌ను కాబట్టి, చైన్ల స్థిరమైన తేడాలు కొలతలోనే సర్దుకుపోతాయి. ఇక 700 మెగాహెర్ట్జ్ వంటి ఎఫ్‌డీడీ బ్యాండుల్లో రెండు దిశల పౌనఃపున్యాలు వేరు గనుక విని లెక్కగట్టే నాన్-కోడ్‌బుక్ ప్రసక్తి దాదాపు లేనట్టే.

ఆలస్యం కూడా లెక్కలోకి తీసుకోవాలి. కోరినప్పుడు మాత్రమే పంపే సీఎస్‌ఐ-ఆర్‌ఎస్ విన్న తర్వాత, ఎస్‌ఆర్‌ఎస్ ప్రీకోడర్‌ను మార్చుకోవడానికి పరికరానికి కనీసం 42 ఓఎఫ్‌డీఎం సింబళ్ల (స్లాట్‌లోని చిన్న కాలపు ముక్కల) వ్యవధి ఇవ్వాలి. అది మూడు స్లాట్లు, 30 కిలోహెర్ట్జ్‌లో ఒకటిన్నర మిల్లీసెకన్లు. కదలని పెట్టెకు ఇదేమీ కాదు.

ఇంకా ముఖ్యమైన లోటు ఏమిటంటే, టవర్ దగ్గర ఉన్న జోక్యం పరికరానికి కనిపించదు. పక్కింటి పెట్టె అదే సమయంలో అదే పౌనఃపున్యంలో పంపుతుంటే, దాని దిశ నుంచి కాస్త పక్కకు తప్పుకోవడం ఇద్దరికీ మేలు. కానీ అది తెలిసినది టవర్‌కు ఒక్కదానికే. ఒంటి వాడుకరి ఉన్నప్పుడు చానెల్ మాత్రిక బలమైన దిశలనే పట్టుకుని శక్తిని వాటి మధ్య పంచడం సరైన జవాబు. పలువురు ఒకేసారి పంపేచోట ఒక్కొక్కరి మంచి మరొకరి ఎంపిక మీద ఆధారపడుతుంది, దాన్ని కలిపి తేల్చవలసినది మధ్యలో ఉన్న టవరే. కనుక ఒకే వీధిలో పదేసి పెట్టెలు ఒకే టవర్‌ను చూస్తున్న చోట నేను కోడ్‌బుక్ వైపే మొగ్గుతాను. చుట్టుపక్కల జనం తక్కువగా ఉండి, పరికరం క్యాలిబ్రేషన్ మీద గట్టి నమ్మకం ఉన్నచోట నాన్-కోడ్‌బుక్ గెలుస్తుంది.

కోడ్‌బుక్‌కు వచ్చే ఒక ఆక్షేపణకు ఇక్కడే సమాధానం చెప్పాలి. టీపీఎంఐ మొత్తం కేటాయింపుకు ఒక్కటే. 100 మెగాహెర్ట్జ్‌లోని 273 రిసోర్స్ బ్లాకులకూ (పౌనఃపున్యపు ముక్కలకూ) ఒకే దశలు. ప్రతిధ్వనులు ఎక్కువున్న నగరంలో చానెల్ అంత వెడల్పులో పలుమార్లు మారిపోతుంది కాబట్టి ఇది లోపమే. కానీ సెల్ అంచున ఉన్న పరికరం తన కొద్దిపాటి శక్తిని కొద్ది బ్లాకుల మీదే కేంద్రీకరిస్తుంది, అంత ఇరుకు వెడల్పులో ఒకే దశ సరిపోతుంది. టవర్‌ను నేరుగా చూసే డాబా పెట్టెకు ప్రతిధ్వనులే తక్కువ. ప్రీకోడింగ్ లాభం అత్యవసరమైన ఈ రెండు చోట్లా ఆ లోపం పెద్దగా బాధించదు.

శక్తి ఎక్కడ పోతోంది?

15వ రిలీజ్‌లో ఒక నియమం ఉంది: ప్రీకోడర్‌లో ఎన్ని పోర్టులు (టవర్‌కు కనిపించే ఆంటెన్నాలు) వాడుతున్నామో, మొత్తం పోర్టుల్లో ఆ నిష్పత్తిలోనే శక్తి పంపాలి. నాలుగు పోర్టులున్న నాన్-కోహెరెంట్ పరికరం ఒక లేయర్‌ను ఒక్క పోర్టు మీదే పంపగలదు కనుక దానికి దక్కేది పావు శక్తి. 6 డెసిబెల్స్ నష్టం. దూరంతో నష్టం 3.5 ఘాతంలో పెరుగుతుందనుకుంటే, 6 డెసిబెల్స్ అంటే చేరగల దూరంలో ఒకటిన్నర రెట్ల తేడా. నాలుగు ఆంటెన్నాలకు డబ్బు పెట్టి, అంచున ఒంటి ఆంటెన్నా ఫోన్ కంటే వెనుకబడటం ఎవరికైనా మనసుకు కష్టం కలిగించే విషయమే.

2020లో వచ్చిన 16వ రిలీజ్ దీన్ని సరిదిద్దింది. ఎంపిక మీ యాంప్లిఫయర్లను బట్టి ఉంటుంది. 23 డీబీఎం పరికరంలో ప్రతి యాంప్లిఫయరూ ఒంటరిగా 23 ఇవ్వగలిగితే నిష్పత్తి నియమాన్నే ఎత్తివేసే పూర్తి శక్తి విధానం కోరండి. అన్నిటికంటే సరళమైనది, నమ్మదగినది ఇదే. రెండు యాంప్లిఫయర్ల పరికరంలో రెండూ 20 చొప్పునే ఇవ్వగలిగితే, రెంటినీ కలిపి వాడే సదిశను నాన్-కోహెరెంట్ పరికరానికి కూడా అనుమతించే మొదటి మోడ్ దారి చూపుతుంది; ఇక్కడ బీమ్ లాభం ఆశించకూడదు, పూర్తి శక్తి బయటికి వస్తే చాలు. ఒకటి 23, మరొకటి 20 అయితే రెండో మోడ్: పరికరం ఏ ప్రీకోడర్లతో పూర్తి శక్తి ఇవ్వగలదో తానే చెబుతుంది, వేర్వేరు పోర్టుల సంఖ్యతో ఎస్‌ఆర్‌ఎస్‌లు కూడా పంపగలదు. టవర్ సాఫ్ట్‌వేర్ 16వ రిలీజ్ సౌకర్యాలు ఇవ్వకపోతే, అంచున ఉన్న నాన్-కోహెరెంట్ పరికరానికి ఒంటి పోర్టు ఎస్‌ఆర్‌ఎస్ అమర్చండి. పోర్టు ఒకటే అయినప్పుడు నిష్పత్తి కూడా ఒకటే.

శక్తి గురించి మాట్లాడుతూ తరంగ రూపాన్ని విడిచిపెట్టకూడదు. అప్‌లింక్‌కు ఉన్న రెండు రూపాల్లో సీపీ-ఓఎఫ్‌డీఎం పలు లేయర్లు మోయగలదు. డీఎఫ్‌టీ-ఎస్-ఓఎఫ్‌డీఎం ఒక్క లేయరే మోస్తుంది, కానీ శిఖర శక్తి తక్కువ గనుక యాంప్లిఫయర్‌ను తగ్గించి నడపవలసిన అవసరం తక్కువ. 23 డీబీఎం పరికరానికి క్యూపీఎస్‌కే మాడ్యులేషన్‌లో, బ్యాండ్ మధ్యలోని కేటాయింపుకు మొదటిదానికి 1.5 డెసిబెల్స్ వరకు తగ్గింపు అనుమతిస్తారు, రెండోదానికి ఏమీ లేదు; అంచు కేటాయింపులో అవి 3, 1 డెసిబెల్స్. మొత్తం కేటాయింపుకు ఒకే ప్రీకోడర్ ఉండటం వల్ల ప్రతి ఆంటెన్నా మీదా ఈ తక్కువ శిఖర స్వభావం చెడకుండా నిలుస్తుంది, కాబట్టి ఒక లేయర్ కోహెరెంట్ ప్రీకోడింగ్‌ను డీఎఫ్‌టీ-ఎస్-ఓఎఫ్‌డీఎంతో కలిపితే రెండు లాభాలూ దక్కుతాయి. అప్‌లింక్ చేరువను పెంచే తరంగ రూపాల మీద ఐఐటీ హైదరాబాద్ చాలాకాలంగా పనిచేసింది. గ్రామీణ ప్రాంతాల పెద్ద సెల్‌లను ఉద్దేశించిన 5జీఐ అనే భారతీయ ప్రమాణ ప్రతిపాదనలో ఆ కృషి భాగమైంది, ఆ ప్రతిపాదన తర్వాత 17వ రిలీజ్‌తో కలిసిపోయింది. 18వ రిలీజ్‌తో ఈ రెండు రూపాల మధ్య మార్పును షెడ్యూలింగ్ ఆదేశంలోనే చెప్పే వీలు వచ్చింది. అందుబాటులో ఉంటే వాడండి.

నాలుగు నుంచి ఎనిమిదికి

2024లో స్థిరపడిన 18వ రిలీజ్ ఎనిమిది ప్రసార ఆంటెన్నాలకూ ఎనిమిది లేయర్లకూ తలుపు తెరిచింది. ఎనిమిది లేయర్లన్న మాట వినగానే వేగం రెట్టింపని అనుకోవడం సహజం. టవర్‌ను నేరుగా చూసే డాబా పెట్టెకు మాత్రం రెండు ధ్రువణాలు ఇచ్చే రెండు బలమైన దారులే సాధారణంగా ఉంటాయి. మిగిలిన లేయర్లకు బలం ఉండదు, పైగా ఉన్న శక్తిని అందరికీ పంచాలి. కనుక అక్కడ ఎనిమిది ఆంటెన్నాల పని లేయర్లు పెంచడం కంటే బీమ్‌ను సన్నబరచడమే. మొత్తం శక్తి మారకపోతే నాలుగు నుంచి ఎనిమిదికి వెళ్లినప్పుడు గరిష్ఠంగా 3 డెసిబెల్స్ వస్తాయి, అదీ ఎనిమిది చైన్లూ తాళం తప్పకపోతేనే. అన్ని వైపుల నుంచీ ప్రతిధ్వనులు వచ్చే ఫ్యాక్టరీ షెడ్డులో, కెమెరాల దృశ్యాలను పైకి పంపే పరికరం టవర్‌కు దగ్గరగా ఉంటే, నాలుగుకు మించిన లేయర్లు నిజంగా పనికొస్తాయి.

ఈ ఎనిమిదింటి కోడ్‌బుక్‌లు ఆంటెన్నాలు ఎన్ని కోహెరెంట్ గుంపులుగా ఉన్నాయన్నదాని మీద నాలుగు రకాలు: ఒకే గుంపు, రెండు, నాలుగు, ఎనిమిది. ఒకే గుంపు కోడ్‌బుక్ డౌన్‌లింక్ తరహాలో, ఆంటెన్నాలు సమాన దూరంలో ఒకే దిక్కుకు చూస్తూ వరుసగా పేర్చి ఉన్నాయన్న ఊహ మీద కట్టినది. పలకలా ఉండి టవర్ వైపు తిరిగిన డాబా పెట్టెకు అది సరిగ్గా అతుకుతుంది. గుండ్రటి ఇండోర్ పెట్టెలో నాలుగు పక్కలా జంటలుగా అమర్చిన ఆంటెన్నాలకు ఆ ఊహే వర్తించదు. దశలు ఎంత స్థిరంగా ఉన్నా జాబితాలోని బీమ్‌లు వాటి చానెల్‌ను పోలవు. అలాంటి పెట్టెకు నాలుగు గుంపుల కోడ్‌బుక్ లేదా నాన్-కోడ్‌బుక్ తీసుకోండి. కారు పైకప్పు మీద ముందూ వెనుకా నాలుగేసి ఆంటెన్నాలుంటే రెండు గుంపులు సహజమైన ఎంపిక. వేగంగా కదిలే బండికి చానెల్ కొలత త్వరగా పాతబడుతుంది కాబట్టి అక్కడ అంతకు మించి ఆశపడకూడదు.

అంచున ఇంకొక సంగతి ఉంది. ఎస్‌ఆర్‌ఎస్ శక్తి కూడా పోర్టుల మధ్య పంచబడుతుంది. ఎనిమిది పోర్టులైతే ఒక్కోదానికి ఎనిమిదో వంతు, 9 డెసిబెల్స్ తక్కువ. టవర్ ఆ సన్నని సిగ్నల్‌ను రొదలోంచి సరిగ్గా కొలవలేకపోతే ఎంచిన టీపీఎంఐ గుడ్డి ఎంపికే అవుతుంది. ఎస్‌ఆర్‌ఎస్‌ను ఒకేసారి బ్యాండంతా పరచకుండా, ఇరుకు ముక్కలుగా దూకిస్తూ పంపిస్తే కొలత బలపడుతుంది, కానీ బ్యాండంతా పూర్తయ్యేసరికి 20 మిల్లీసెకన్ల కిటికీ దాటిపోకుండా చూసుకోవాలి. రెంటికీ పొందిక కుదరకపోతే, అంచున ఉన్నంతసేపు ఎనిమిది ఆంటెన్నాల పెట్టెను కూడా రెండు పోర్టుల పరికరంగా అమర్చడమే నయం. నాలుగేసి ఆంటెన్నాలను ఒక పోర్టుగా కూర్చే పని పెట్టె లోపలే జరుగుతుంది.

26 గిగాహెర్ట్జ్ వంటి మిల్లీమీటర్ తరంగాల్లో ఈ చర్చలో చాలా భాగం వెనక్కి జరుగుతుంది. అక్కడ ముందు అనలాగ్ బీమ్ సరిగ్గా టవర్ వైపు తిరగాలి, దాని తర్వాతే రెండు పోర్టుల ప్రీకోడింగ్.

పరికరాన్ని ఎంచేటప్పుడు సరఫరాదారును ఆంటెన్నాల సంఖ్యతో పాటు మరికొన్ని అడగాలి. ఏ బ్యాండులో ఏ కోహెరెన్స్ తరగతి ప్రకటిస్తున్నారు, ఎందుకంటే ఒకే పెట్టె ఒక బ్యాండులో పూర్తి కోహెరెంట్‌గా, మరో బ్యాండులో నాన్-కోహెరెంట్‌గా ఉండవచ్చు. ప్రతి యాంప్లిఫయర్ ఒంటరిగా ఇచ్చే గరిష్ఠ శక్తి ఎంత. పూర్తి శక్తి విధానాల్లో ఏది ఉంది. నాన్-కోడ్‌బుక్ ఉంటే క్యాలిబ్రేషన్ ఎప్పుడెప్పుడు చేసుకుంటుంది. ఆ జవాబులు వచ్చాక పెట్టెను చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, గంటసేపు పూర్తి శక్తితో నడిపి వేడెక్కాక ఒకసారి, డౌన్‌లోడ్ కూడా జోరుగా నడుస్తుండగా ఒకసారి కేబుల్‌కు కట్టి, చైన్ల మధ్య దశాభేదాన్ని స్లాట్ల వారీగా గీయించండి. మూడుసార్లూ గీత ఎస్‌ఆర్‌ఎస్‌కూ ఎస్‌ఆర్‌ఎస్‌కూ మధ్య 40 డిగ్రీల లోపల నిలిస్తే పూర్తి కోహెరెంట్ కోడ్‌బుక్‌ను ధైర్యంగా పెట్టవచ్చు. జంటల లోపల నిలిచి జంటల మధ్య తప్పితే పాక్షికం. ఎక్కడా నిలవకపోతే పూర్తి శక్తి విధానంతో నాన్-కోహెరెంట్. ఆ పెట్టెకు నాలుగు ఆంటెన్నాల ధర మాత్రం ఇవ్వకండి.